ఫ్రెండ్స్‌ని వెంటబెట్టుకుని మే నెలలో బెజవాడ వస్తున్నారా?

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటున్న మనవాళ్లు ఇంట్లో పెళ్లికి వస్తూ ఆఫీసు ఫ్రెండ్స్‌ని కూడా తీసుకొస్తున్నారు. అక్కడ వాళ్లు మీకు ఊళ్లన్నీ తిప్పి చూపించారు, ఇక్కడ మీరు చూపించాలి. న్యాయమే. కానీ ముహూర్తాలు ఎండలు చూసుకుని పెట్టరు కదా. డిసెంబరు, జనవరిలో రాగలిగితే హాయి. లేదంటే ఇక్కడే ఉంటూ ఇలా వచ్చేవాళ్లకి తోడు తిరిగే మనిషిగా కొన్ని విషయాలు చెబుతాను.

మొదటి జాగ్రత్త మీ గురించే. "నేను ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి, నాకేంటి" అనుకునేవాళ్లే ముందు పడిపోతారు. మిట్టమధ్యాహ్నం కాలవగట్టు మీద క్రికెట్ ఆడిన ఒళ్లు వేరు, ఏళ్ల తరబడి చలిదేశంలో ఉండి వచ్చిన ఒళ్లు వేరు. వేడికి శరీరం మళ్లీ అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మీ ఫ్రెండ్ టోపీ పెట్టుకుని, గంటకోసారి నీళ్లు తాగుతూ, ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాడు. మీరేమో ఉత్త తలతో ఉండవల్లి గుహల ముందు నిలబడి చరిత్ర చెబుతూ ఉంటారు. ఊరి విషయంలో మీరూ సగం చుట్టమే అనుకోండి, చాలా ఇబ్బందులు తప్పుతాయి.

దిగిన మొదటి రెండు రోజులూ తిరుగుడు పెట్టుకోవద్దు. తర్వాత కూడా ఉదయం 10 దాటాక, సాయంత్రం 4 లోపు బయట పని వద్దు. మే నెలాఖరులో రోహిణి కార్తె వస్తుంది. అప్పుడు వడగాలికి తోడు కృష్ణ పక్కన ఊరు కాబట్టి ఉక్కపోత కూడా ఉంటుంది, చెమట ఆరదు, రాత్రిళ్లు కూడా ఒంటికి విశ్రాంతి దొరకదు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా "కాస్త పడుకుంటే తగ్గిపోతుందిలే" అనకండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని ధైర్యం తెచ్చుకోవద్దు కూడా. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. కంగారులో అందరూ చేసే పని అదే. ఓఆర్ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ అయితే ఒకటి లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు.

దాహానికి ఏం ఇవ్వాలనేది తర్వాతి తలనొప్పి. చలివేంద్రం మజ్జిగ, చెరుకురసం మనకి పాత ప్రేమలు. వాటిలో వేసే ఐసు ఏ నీళ్లతో చేసిందో చెప్పలేం, మీ ఫ్రెండ్స్ కడుపులకి అది పడదు. నిజం చెప్పాలంటే మీకూ పడకపోవచ్చు. కళ్ల ముందు కొట్టించిన కొబ్బరిబొండం మేలు. అంతకన్నా మేలు తాటిముంజెలు. బండి దగ్గర నిలబడి కాయ కొట్టించి, బొటనవేలితో ముంజెని పైకి తీసి, పైపొర ఒలిచి చేతిలో పెట్టండి. లోపలి నీళ్లు చొక్కా మీద చిమ్ముతాయి, ముందే చెప్పండి.

తిండి విషయంలో అందరూ కారం గురించి భయపడతారు. కారం ఆ పూట ఏడిపిస్తుంది, అంతే. భయపడాల్సింది వేరుశనగ గురించి. విమానం ఎక్కకముందే ప్రతి ఒక్కరినీ అలర్జీల గురించి అడగండి. ఇడ్లీ పక్కన పల్లీ చట్నీ, పులిహోరలో పల్లీలు, కూరలో పల్లీపొడి, వేపుడుకి వేరుశనగ నూనె... మనకి అది కంటికి కూడా ఆనదు. వడ్డించే అబ్బాయిని అడిగితే "లేదు సార్" అంటాడు, ఎందుకంటే అతని లెక్కలో చట్నీ అంటే చట్నీయే. పడనివాళ్లు అలర్జీ ముదిరితే పొడుచుకునే ఇంజెక్షన్, అంటే ఎపినెఫ్రిన్ పెన్ను, అక్కణ్ణుంచే తెచ్చుకోవాలి, మన మందుల షాపులో అడగ్గానే దొరికే వస్తువు కాదు. పేరున్న టిఫిన్ హోటళ్లకి పొద్దున్నే వెళ్లండి, వేడి మీద వచ్చేది తినండి, ముందే కోసి పెట్టిన పళ్లముక్కల జోలికి పోవద్దు.

ఇంట్లో అమ్మకీ పిన్నికీ కూడా ముందే ఓ మాట చెప్పాలి. మనం "చాలు" అంటే ఇంకో గరిటె వేయమని అర్థం. ఆ ఫ్రెండ్స్ అంటే నిజంగానే చాలు. విస్తరి మీద చేయి అడ్డం పెట్టాలని వాళ్లకి తెలియదు, మొహమాటానికి తింటూనే ఉంటారు, రాత్రికి బాత్రూమ్ దగ్గర తేలతారు. పెళ్లయిందా, జీతమెంత అనే ప్రశ్నల్ని ఆపడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ఇక గుంటూరు. ఏ ఫ్రెండ్ అయినా మిర్చి యార్డు చూస్తానంటాడు. సీజన్లో టిక్కీల గుట్టల మధ్య, అంటే మిర్చి బస్తాల మధ్య, ఘాటుకి కొత్తవాళ్లు గేటు దగ్గరే తుమ్ములు మొదలుపెడతారు. ఆస్తమా ఉన్నవాళ్లని తీసుకెళ్లొద్దు. కాంటాక్ట్ లెన్సులు తీయించి మామూలు కళ్లజోడు పెట్టించండి, మాస్కు సరేసరి. కాయ పట్టుకుని ఫొటో దిగిన చేత్తో కళ్లు నలుపుకోకుండా పక్కనే ఉండి చూసుకోవాలి. కారం ఉత్త నీళ్లకి వదలదు, ముందు కాస్త నూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం ధారాళంగా మంచినీళ్లే. ఏటా మే నెలలో యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు కాబట్టి తేదీలు కనుక్కోకుండా బయల్దేరవద్దు.

అమరావతి తీసుకెళ్లేముందు ఉన్నదున్నట్టు చెప్పండి. మహాస్తూపం అంటే సాంచీలా ఉంటుందని ఊహించుకుని వస్తారు, ఇక్కడ మిగిలింది దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్లు. గొప్ప శిల్పాలు చాలావరకు చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. మీ ఫ్రెండ్ లండన్‌వాడైతే మీకన్నా ముందే చూసి ఉంటాడు! అమరావతి పురావస్తు మ్యూజియంకి శుక్రవారం సెలవు.

నది దగ్గర హుషారు తగ్గించుకోవాలి. భవానీ ద్వీపానికి టూరిజం వాళ్ల బోటే ఎక్కండి, లైఫ్ జాకెట్ బెల్టులు మీరే లాగి చూడండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని ప్రైవేటు బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. ప్రయాణం ఆగస్టు, సెప్టెంబరుకి జరిగితే వరద వార్తలు చూసుకోండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్‌నగర్ మునిగింది. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఆ రోజు బోటు, ఘాటు రెండూ మర్చిపోవాలి.

బెంజ్ సర్కిల్ లాంటి చోట రోడ్డు దాటేటప్పుడు మీ ఫ్రెండ్స్ సిగ్నల్ నమ్ముకుంటారు, బండ్లవాళ్లు నమ్ముకోరు. చేయి పట్టుకుని దాటించండి.

కాగితాల సంగతి చాలామందికి తెలియదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి హోటల్లో దిగితే హోటలువాళ్లే చూసుకుంటారు. మీ ఇంట్లో దిగితే 24 గంటల్లో ఎఫ్ఆర్ఆర్ఓకి (విదేశీయుల నమోదు ఆఫీసుకి) ఆన్‌లైన్లో తెలియజేయాల్సింది ఇంటివాళ్లే, దీన్నే ఫారం సి అంటూ వచ్చారు. పాస్‌పోర్టు, వీసా ఫొటోలు ముందే తెప్పించుకుని ఉంచుకుంటే నాన్నగారికి టెన్షన్ ఉండదు.

వెళ్లేటప్పుడు కొండపల్లి బొమ్మలు కొంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లయితే అవి చెక్కవని ఎయిర్‌పోర్టు కార్డులో తప్పకుండా రాయాలి, ఆవకాయ సీసా కూడా అంతే. రాస్తే చూసి పంపించేస్తారు లేదా తీసేసుకుంటారు. రాయకపోతే జరిమానా పడుతుంది. ఆవకాయ మాత్రం చేతిసంచిలో వద్దు, రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో, తెల్లబట్టలు లేని వైపు పెట్టండి.