మీ ఊరి ఎఫ్‌ఎం స్టేషన్ చరిత్రను రాయడం ఎలా

హైదరాబాద్, విజయవాడ వంటి నగరంలోని ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ చరిత్రను రాయదలచినవారు ముందుగా ప్రభుత్వం దశలవారీగా ఇచ్చిన లైసెన్సుల్లో దానిది ఏ దశకు చెందినదో నిర్ధారించుకోవాలి. దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం ప్రసారం 2001 జూలైలో బెంగళూరులో మొదలైంది. తొలి దశలో ఆదాయంతో సంబంధం లేకుండా ఏటేటా పెరిగే లైసెన్సు ఫీజు స్టేషన్లకు మోయలేని భారమైనందువల్ల, 2005 విధానం ప్రభుత్వం ఆదాయంలో వాటా తీసుకునే పద్ధతిని తెచ్చింది. స్టేషన్ల సంఖ్య ఆ తరువాతే ఎందుకు పెరిగిందో ఈ మార్పును వివరించకుండా చెప్పలేము.

అసలు శ్రమ శబ్దాన్ని వెతకడంలో ఉంది. ప్రసారాల రికార్డింగులను నిబంధనల ప్రకారం మూడు నెలలు భద్రపరిస్తే చాలు కనుక, తొలినాళ్ల కార్యక్రమాలు స్టేషన్‌లోనే దొరుకుతాయని ఆశించకండి. శ్రోతలు ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్లు, పాత ఆర్జేల దగ్గరున్న సీడీలు, స్థానిక దుకాణదారుల ప్రకటనల బిల్లులు అడిగి తెప్పించుకోండి. బిల్లు మీద తేదీ, స్పాట్ (ఒక్కో ప్రకటన) నిడివి, ప్రసార వేళ ఉంటే, ఆనాటి కార్యక్రమాల పట్టికను కొంతవరకు తిరిగి కట్టవచ్చు.

ఆర్జేలను కలిసినప్పుడు అనుభూతుల కంటే పనిని గురించి అడగడం మేలు: పాటల జాబితాను ఎవరు నిర్ణయించేవారు, శ్రోతల ఫోన్లను ఎవరు వడపోసేవారు, ప్రకటనలను ఎవరు చదివేవారు? సొంత వార్తలకు అనుమతి లేని ఈ స్టేషన్లు ట్రాఫిక్, వాతావరణ సమాచారంతో ఊరికి ఎలా దగ్గరయ్యాయో ఆ జవాబుల్లోనే తెలుస్తుంది. ప్రతి మాటకూ చెప్పినవారి హోదాను, సంభాషణ తేదీని తప్పక నమోదు చేయండి.