కారు ఆయిల్ ఫిల్టర్: కాగితం కన్నా ముందు రబ్బరు, మర చూడండి

ఆయిల్ ఫిల్టర్ వల్ల ఇంజిన్ పాడైందంటే, ఆరా తీసినప్పుడు లోపలి కాగితం తప్పు చాలా అరుదుగా బయటపడుతుంది. పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉంటుంది, లేదా మర సైజు కుదరని ఫిల్టర్ ఎక్కించి ఉంటారు, లేదా పానా పెట్టి బలమంతా చూపించి ఉంటారు. అందుకే ఫిల్టర్ కొనేటప్పుడైనా, బిగించేటప్పుడైనా ముందు చూడాల్సింది దాని మూతి.

చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా కనిపించే డబ్బా ఫిల్టర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న రంధ్రాలు, అంచున రబ్బరు రింగు ఉంటాయి. ఆయిల్ చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్లి, మడతల కాగితాన్ని బయటి నుంచి లోపలికి దాటుకుని, మధ్య రంధ్రం నుంచి ఇంజిన్‌లోకి పోతుంది. ఒక చిన్న రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి మెల్లగా నొక్కితే లోపల మెత్తగా తగిలేది రబ్బరు వాల్వ్. ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, జారిపోకుండా ఆపేది అదే. అది గట్టిపడితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని శబ్దం వస్తుంది, ఆయిల్ లైటు ఆలస్యంగా ఆరుతుంది. నల్లటి నైట్రైల్ రబ్బరు కన్నా సిలికాన్ రబ్బరు వేడికి ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది.

ఇంకొకటి బైపాస్ వాల్వ్. కాగితం పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా స్ప్రింగ్ తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే ఇంజిన్‌కి పంపిస్తుంది. అసలు ఆయిల్ అందకపోవడం కన్నా మురికి ఆయిల్ అందడం నయం కదా. అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజిన్‌ని బట్టి మారుతుంది. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ ఇంజిన్ బాడీలోనే ఉంటుంది, ఫిల్టర్‌లో ఉండదు. పైకి ఒకేలా ఉన్న రెండు డబ్బాలు లోపల ఒకటి కాకపోవడానికి ఇదో కారణం.

ఏది కొనాలి

షాపులో కారు పేరు చెప్పి ఊరుకోకండి. ఇంజిన్, తయారీ సంవత్సరం చెప్పండి, పార్ట్ నంబరు అడగండి. స్విఫ్ట్ అనే ఒక్క పేరుతోనే పెట్రోల్ బండ్లూ వచ్చాయి, 1.3 లీటర్ల డీజిల్ బండ్లూ వచ్చాయి. పెట్రోల్‌కి మర తిప్పి బిగించే డబ్బా, డీజిల్‌కి ప్లాస్టిక్ మూత కింద కూర్చునే కాగితం ఫిల్టర్. పాత ఫిల్టర్ మీది నంబరు చూసి అదే తెచ్చుకోవచ్చు గానీ, పోయినసారి వేసినవాళ్లు సరైనదే వేశారన్న నమ్మకం ఉండాలి. యూజర్ మాన్యువల్‌తో పోల్చుకుంటే పేచీ ఉండదు.

అసలు ప్రమాదం మరలో ఉంది. మారుతి, హోండా, హ్యుందాయ్ పెట్రోల్ ఇంజిన్లలో చాలావాటికి ఎం20×1.5 మర, అంటే 20 మి.మీ. వ్యాసం, ఒక్కో చుట్టుకి 1.5 మి.మీ. దూరం. టయోటా, ఫోక్స్‌వ్యాగన్‌లలో చాలావాటికి ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్ల మర. అది 19.05 మి.మీ. ఉంటుంది, చుట్టుకి దాదాపు 1.59 మి.మీ. ముప్పావు అంగుళం ఫిల్టర్‌ని 20 మి.మీ. స్టడ్ (ఫిల్టర్ ఎక్కడానికి ఇంజిన్ మీద ఉండే మర గొట్టం) మీద పెడితే మొదటి చుట్టులోనే పట్టేస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. దీనికి తలకిందులైతేనే చిక్కు. 20 మి.మీ. ఫిల్టర్ ముప్పావు అంగుళం స్టడ్ మీద వదులుగా ఎక్కేస్తుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. తర్వాత ఎప్పుడో ప్రెషర్ పెరిగినప్పుడు మర జారి ఊడుతుంది. చేత్తో తిప్పేటప్పుడు ఫిల్టర్ పక్కలకి లొటలొటలాడితే అక్కడితో ఆపండి. ‘కొంచెం వదులు ఉంటుందిలెండి’ అన్న మాట వినకండి.

పాత ఫిల్టర్ దగ్గరుంటే కొత్తదాని పక్కన పెట్టి రబ్బరు రింగు బయటి వ్యాసం కొలవండి. ఇంజిన్ మీద నున్నగా చెక్కిన వలయం మీదే రింగు పూర్తిగా కూర్చోవాలి. డబ్బా పొడుగు కొద్దిగా తేడా ఉన్నా పర్వాలేదు, రింగు తేడా ఉంటే మాత్రం తీసుకోవద్దు. పెద్ద డబ్బా వేస్తే ఎక్కువ వడపోస్తుందని కొందరు ఆశపడతారు. కిందికి వేలాడే ఇంజిన్లలో ఆ అదనపు అంగుళమే స్పీడ్ బ్రేకర్‌కి తగులుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా అసలు సరుకు, నకిలీ సరుకు ఒకే వీధిలో దొరుకుతాయి. పెట్టె మీద ప్రింటు, హోలోగ్రామ్, ఎమ్మార్పీ చూడటం సరే. పెట్టె తెరిచి ఫిల్టర్ చూడటం అంతకన్నా ముఖ్యం. రింగు గాడిలో గట్టిగా కూర్చోవాలి, తలకిందులు చేస్తే రాలిపోకూడదు. మరలో ఇనుప రజను ఉండకూడదు, ఊపితే లోపల గలగల అనకూడదు. ఫిల్టర్ ధర చాలా చిన్న కార్లకి ఒక లీటరు ఆయిల్ ధర కన్నా తక్కువే. అందులో ఇరవై ముప్పై రూపాయలు మిగుల్చుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

విప్పడం

ఇంజిన్‌ని మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, పది నిమిషాలు వదిలేయండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా జారుతుంది. దూరం నడిపి వచ్చిన వెంటనే విప్పితే చెయ్యి కాలుతుంది. చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డుపెట్టండి. జాకీతో లేపాక స్టాండ్లు పెట్టకుండా కారు కిందికి దూరకండి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు.

పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి, ఛాంబర్ కింది డ్రెయిన్ నట్ విప్పండి. చాలా కార్లకి 14 లేదా 17 నంబరు రింగు పానా సరిపోతుంది. పది నిమిషాలు కారనివ్వండి. నట్‌కి ప్రతిసారీ కొత్త వాషర్ వేయండి, పాతది అణిగిపోయి ఉంటుంది. తిరిగి ఎక్కించేటప్పుడు మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. మారుతి పెట్రోల్ ఇంజిన్లలో దీన్ని దాదాపు 35 ఎన్.ఎం. (న్యూటన్ మీటర్లు, బిగింపు బలానికి కొలత) బిగిస్తారు. అల్యూమినియం ఛాంబర్ అయితే ఎక్కువ బిగిస్తే మర కొట్టుకుపోతుంది, అప్పుడు ఖర్చు ఫిల్టర్‌తో ఆగదు.

ఫిల్టర్ మూసిన వైపు నుంచి చూస్తూ ఎడమకి తిప్పితే వదులవుతుంది. కారు కింద పడుకుని తల తిరగేసి చూసినప్పుడు ఈ లెక్క తప్పి, విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేవాళ్లు చాలామంది. చేతికి రాకపోతే గరుకు ఎమెరీ గుడ్డ చుట్టి తిప్పి చూడండి. అప్పుడూ రాకపోతే ఫిల్టర్ మూసిన వైపు తొడిగి తిప్పే కప్పు రెంచ్ వాడండి. చాలా జపాన్ కార్ల ఫిల్టర్లకి 65 మి.మీ., 14 పలకల కప్పు పడుతుంది. బెల్టు రెంచ్ అయితే డబ్బా మూతికి దగ్గరగా పట్టించండి, అక్కడ రేకు గట్టిగా ఉంటుంది. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పితే రేకు చిరిగి చేతికొస్తుంది, మర ఉన్న అడుగుపళ్లెం అక్కడే మిగులుతుంది.

ఊడి వచ్చిన ఫిల్టర్‌ని బకెట్లో పడేసేముందు రింగు దానికి ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఇంజిన్‌కి అతుక్కుని ఉంది. వేడికి నల్లబడి ఇనుము రంగులో కలిసిపోతుంది, కళ్లకి సరిగా ఆనదు. వేలితో వలయమంతా తడమండి. గోరుకి మెట్టులా తగిలితే రింగు ఉన్నట్టే. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఐడ్లింగ్‌లో ఒక్క చుక్కా కారకపోవచ్చు. రోడ్డెక్కి ఆక్సిలరేటర్ తొక్కగానే ప్రెషర్‌కి పై రింగు పక్కకి తన్నుకుని, మూడు లీటర్ల ఆయిలూ కొద్ది నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది. ఎర్ర లైటు వెలిగేసరికి బేరింగులకి ఆయిల్ అందడం ఆగిపోయి ఉంటుంది.

బిగించడం

వలయాన్ని శుభ్రమైన నూలు గుడ్డతో తుడవండి. బనియన్ వేస్ట్ వద్దు, దాని పోగులు రింగు కింద ఇరుక్కుంటాయి. కొత్త రింగుకి వేలితో కొత్త ఆయిల్ పలచగా రాయండి, గ్రీజు వద్దు. పొడి రింగు తిరిగేటప్పుడు మెలిపడుతుంది. మూతి పైకి ఉండేలా నిలువుగా ఎక్కే ఫిల్టరైతే ముందే అందులో కొంచెం ఆయిల్ పోసి కాగితం తడవనివ్వండి. అడ్డంగా ఎక్కేదాంట్లో పోస్తే మీ మీదే ఒలుకుతుంది.

చేత్తోనే ఎక్కించండి. రింగు వలయానికి తగిలిన క్షణం చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగి డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టండి. ఆ గీత గడియారంలో 12 దగ్గర ఉందనుకుంటే కుడివైపు తిరిగి 9 దగ్గరికి రావాలి. ఆ ముప్పావు చుట్టు చాలు. మారుతి ఇంజిన్లకి అది దాదాపు 14 ఎన్.ఎం. డబ్బా మీద వేరే లెక్క ముద్రించి ఉంటే దాన్నే పాటించండి. రెంచ్ విప్పడానికి తెచ్చుకున్నది, బిగించడానికి కాదు. 

కాగితం ఫిల్టర్ ఉండే డీజిల్ బండ్లలో మూతని సరైన కప్పుతో విప్పి, పాత ఓ-రింగు గాడి ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. కొత్త ఓ-రింగు అదే గాడిలో పడాలి, పై గాడిలోకి జారితే ఆయిల్ కారుతుంది. పాతదాన్ని తీయడానికి సూది, బ్లేడు వద్దు, పళ్లు కుట్టుకునే పుల్ల చాలు. మూత బిగింపు చాలావాటికి 25 ఎన్.ఎం., మూత మీదే రాసి ఉంటుంది. ప్లాస్టిక్ కాబట్టి మించితే పగులుతుంది. షెడ్డులో పని చేయించేవాళ్లకి ఒక మాట: పాత ఫిల్టర్ మీద ముందే మార్కర్‌తో తేదీ రాసి పెట్టండి, బండి తిరిగొచ్చాక ఆ తేదీ కనిపిస్తే మార్చలేదన్నమాట. మూత కింద ఉండే కాగితం ఫిల్టర్‌కి ఈ ఉపాయం పనిచెయ్యదు, పాతది చేతికి ఇవ్వమని అడగాలి.

మాన్యువల్‌లో ఆయిల్ కొలతలు రెండు ఉంటాయి, ఫిల్టర్‌తో ఒకటి, ఫిల్టర్ లేకుండా ఒకటి. తేడా పావు లీటరు దాకా ఉంటుంది. పాత ఫిల్టర్ వదిలేసి ఆయిల్ మాత్రం మారిస్తే ఆ నల్లటి పావు లీటరు కొత్తదాంట్లో కలుస్తుంది. చెప్పినదాని కన్నా 300 మి.లీ. తక్కువ పోసి స్టార్ట్ చేయండి. ఆయిల్ గ్రేడు, అంటే చిక్కదనం, మాన్యువల్ చెప్పినదే వాడాలి, 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే. ఎక్సలరేటర్ జోలికి పోవద్దు. లైటు ఐదు సెకన్లలోపు ఆరాలి. పది సెకన్లకీ ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే రెండు నిమిషాలు నడవనిచ్చి టార్చి వేసి ఫిల్టర్ చుట్టూ, నట్ చుట్టూ చూడండి. ఆపిన ఐదు నిమిషాలకి ఆయిల్ మట్టం చూపే గేజ్ పుల్ల తీసి చూసి, కొంచెం కొంచెంగా పై గీత దాకా పోయండి. గీత దాటకూడదు, ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ తెప్పిస్తుంది. 50 కిలోమీటర్లు తిరిగాక మరోసారి కింద చూడండి.

చాలా కార్లకి గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగి ఆపేసే బండికి, క్వారీ దుమ్ములో తిరిగే బండికి అందులో సగమే లెక్క.

వాడిన ఆయిల్‌ని కాలవలో పోయకండి, చెదలు పట్టకుండా దూలాలకి పూయకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది ప్రమాదకర వ్యర్థమే. మూత బిగించిన డబ్బాలో పోసి, వేస్ట్ ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి. గ్లౌజులు వేసుకోండి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు.

పాత ఫిల్టర్‌ని ఒక రాత్రి బోర్లించి ఆయిల్ వార్చి, రేకు కోసి చూస్తే ఇంజిన్ సంగతి కొంత తెలుస్తుంది. రంపంతో కోస్తే రజను లోపల పడి మోసం చేస్తుంది, రేకు కత్తెర వాడండి. మడతలు విప్పి ఎండలో వంచి చూడండి. నల్లటి మసి మామూలే. మిలమిలలాడే రేణువులుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా తెల్లగా ఉంటే అల్యూమినియం కావచ్చు, రాగి రంగులో ఉంటే బేరింగు నుంచి వచ్చినవై ఉండొచ్చు. ఒకటీ రెండూ అయితే కంగారు అక్కర్లేదు. మడత మడతకీ కనిపిస్తే ఆ కాగితం ముక్కని కవర్లో పెట్టి, బండితోపాటు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.