పడకగది గోడకు పట్టిన బూజును వదిలించే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఇళ్లలో పడకగది గోడలు నల్లబడటం, బీరువా తెరవగానే ముక్కవాసన కొట్టడం ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలతో మొదలవుతుంది. మరకను చూడగానే తుడవడానికి పూనుకుంటాము గాని, నీరు ఎక్కడి నుండి వస్తున్నదో తేల్చుకోకుండా ఎన్నిసార్లు తుడిచినా బూజు మళ్లీ అక్కడే పడుతుంది.

గోడ మీద కనిపించేదంతా బూజు కాదు. తెల్లగా పొడిలా రాలుతూ, నీటి చుక్క వేస్తే కరిగిపోయేది గోడలోని లవణం; నల్లగానో పచ్చగానో చుక్కలు చుక్కలుగా వ్యాపించి, ముక్కవాసన వేసేది బూజు. రెండింటికీ మూలం చెమ్మే.

ఆ చెమ్మ మిద్దె మీది పగుళ్ల నుండి దిగవచ్చు, ఆకులతో పూడిపోయిన వాననీటి గొట్టం వల్ల పిట్టగోడ పక్కన నిలిచిన నీటి నుండి రావచ్చు, లేదా గోడకు అవతల ఉన్న స్నానాలగది పైపు నుండి ఊరవచ్చు. ఏదీ అంతుపట్టనప్పుడు, గోడ మీద అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజుల తర్వాత చూడాలి. కాగితానికి గోడ వైపున నీటి బిందువులు ఉంటే తేమ గోడలో నుండి వస్తున్నట్టు, గది వైపున ఉంటే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువైనట్టు భావించవచ్చు. గాలి తేమకు తలుపులు మూసిన గదిలో నడిచే ఎయిర్ కూలరు, వానాకాలంలో ఫ్యాను కింద ఆరేసే తడిబట్టలు తరచుగా కారణమవుతాయి.

శుభ్రం చేసేటప్పుడు ఎన్95 మాస్కు, రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు ధరించి, ఉబ్బసం ఉన్నవారిని, పిల్లలను గదిలోకి రానీయకుండా, కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి పని మొదలుపెట్టాలి. పొడి చీపురుతో దులిపితే బూజు బీజాలు గది అంతటా ఎగురుతాయి కాబట్టి, ముందు గోడను తడిపి, సబ్బుపొడి కలిపిన నీటితో బ్రష్షు పట్టి రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే ఫ్యాను వేసి పూర్తిగా ఆరబెట్టాలి. టైల్సు వంటి గట్టి ఉపరితలాల మీద మరక పోకపోతే 4 లీటర్ల నీటికి ఒక కప్పుకు మించకుండా ద్రవరూపపు బ్లీచి కలిపి వాడవచ్చు. అయితే దానిని టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గాని, వెనిగర్‌తో గాని, అమ్మోనియా ఉన్న ద్రవంతో గాని ఎట్టి పరిస్థితులలోనూ కలపకూడదు, ఎందుకంటే ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు వెలువడుతుంది. బూజు లోపలి దాకా పట్టిన దూది పరుపులను, దిండ్లను పారవేయడమే మేలు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కంటే ఎక్కువ మేర వ్యాపించిన బూజును అనుభవం ఉన్న పనివారికి అప్పగించాలి.

సంక్రాంతికి ఇల్లు కొత్తగా కనిపించాలని డిసెంబరులోనే లప్పం పెట్టి రంగు వేయించడం మన వైపు ఆనవాయితీ గాని, వానలు తెరిపి ఇచ్చిన ఆ రోజుల్లో గోడ లోపల ఇంకా తడిగానే ఉండవచ్చు. దాని మీద వేసిన రంగు పొరలుగా లేచిపోతుంది. పండుగ ముచ్చటను పక్కన పెట్టి, శివరాత్రి దాటాక గోడ ఎండినదని నిర్ధారించుకొని రంగు వేయించడం, మిద్దె పగుళ్లను ఎండాకాలంలో పూడ్పించడం వివేకమని నా అభిప్రాయం.

మళ్లీ పట్టకుండా ఉండాలంటే బీరువాను, మంచాన్ని గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా జరిపి, ఏసీ ఫిల్టరును తరచుగా కడుగుతూ, గాలిలో తేమను 60 శాతం లోపు ఉంచాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినటువంటి వానలకు గది తడిసినప్పుడు, తడిసిన పరుపులను, తివాచీలను 24 నుండి 48 గంటలలోపు ఆరబెట్టగలిగితే బూజు చాలావరకు పట్టదు.