తాగుడు మానలేని రోగి వార్డుకు వచ్చినప్పుడు: డ్యూటీ డాక్టర్లకు, నర్సులకు

మందు వాసనతో క్యాజువాలిటీకి వచ్చిన మనిషిని చూడగానే చాలాచోట్ల వినిపించే మొదటి మాట "ఏరా, ఎంత తాగావ్?" రెండోది "పక్కన పడుకోబెట్టండి, దిగితే తనే లేస్తాడు". ఈ రెండో మాట ప్రాణాలు తీస్తుంది. మత్తు అనుకున్నది పుర్రెలో రక్తస్రావం కావచ్చు. షుగర్ పడిపోయి ఉండవచ్చు. కాలేయం చెడి మెదడు మీద ప్రభావం పడి ఉండవచ్చు. చేతులారా తెచ్చుకున్నాడన్న తీర్పు ముందే పడిపోతే పరీక్ష సగంలో ఆగిపోతుంది. అందుకే రోగి పట్ల మన వైఖరిని చికిత్సలో భాగంగానే చూడాలి.

చదువుకున్నవాళ్లం, మాకు అలాంటి తీర్పులు ఉండవు అనుకోవద్దు. 2010లో అమెరికాలో జాన్ కెల్లీ బృందం అయిదు వందల మందికి పైగా మానసిక వైద్య నిపుణులకు ఒకే రోగి వివరాలు ఇచ్చింది. కొందరికి ఇచ్చిన కాగితంలో అతన్ని దురలవాటు మనిషిగా, మిగతావారికి ఇచ్చినదాంట్లో మాదకద్రవ్యాల వాడకానికి సంబంధించిన జబ్బు ఉన్నవాడిగా రాశారు. మొదటి కాగితం చదివినవాళ్లే తప్పు రోగిదనీ, శిక్షలాంటి చర్య సబబేననీ ఎక్కువగా అన్నారు. తేడా ఒక్క పదమే.

మొదటి పది నిమిషాలు

వాసన ఎంత వచ్చినా గ్లూకోమీటర్‌తో షుగర్, స్పృహ స్థాయి, రెండు కంటిపాపలు, ఉష్ణోగ్రత, బీపీ, ఆక్సిజన్ చూడాల్సిందే. తల వెనక భాగం చేత్తో తడిమి చూడండి. జుట్టు కింద గాయం కంటికి కనబడదు. రోజూ తాగేవారికి రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, కిందపడటమూ ఎక్కువే. చిన్న దెబ్బ అని చెప్పినా స్కాన్ తీయడానికి వెనకాడకండి. గంట గడిచినా స్పృహ మెరుగవకపోతే "ఇంకా దిగలేదు" అని రాసి వదిలేయకుండా కారణం మళ్లీ మొదటినుంచి వెతకండి.

పిలుపు "మీరు"తోనే. పేరు తెలిస్తే పేరు పక్కన గారు, తెలియకపోతే వయసును బట్టి అన్నా, బాబాయ్, పెద్దాయనా. పక్క మంచం మీది గుండె రోగిని మీరు అంటూ ఇతన్ని నువ్వు అంటే వార్డంతా వింటుంది. వార్డ్ బాయ్ దగ్గర్నుంచి అందరూ అదే అందుకుంటారు.

ఎలా అడగాలి

"ఎందుకు తాగుతున్నారు?" అని అడిగితే సంజాయిషీ వస్తుంది, సమాచారం రాదు. ఎంత, ఏది, ఎన్నాళ్లుగా, చివరిసారి ఎప్పుడు అని అడగండి. భార్యనో, కొడుకునో కాసేపు బయట కూర్చోమని చెప్పి అడిగితే నిజం బయటకు వస్తుంది. పరిమాణం రోగి భాషలోనే రాబట్టాలి: క్వార్టరా, హాఫా, ఫుల్లా? విస్కీ, బ్రాందీ క్వార్టర్ అంటే 180 మి.లీ. అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు, 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కిస్తే ఆరు డ్రింకులు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో సుమారు నాలుగు. "బీరే కదా" అన్న మాటకు విలువ ఇవ్వకండి.

అన్నిటికన్నా విలువైన జవాబు చివరిసారి ఎన్ని గంటలకు తాగాడన్నది. దాన్ని కేస్ షీట్ పైభాగంలో రాయండి. ఆడవాళ్లను కూడా ఇవే ప్రశ్నలు, ఇదే గొంతుతో అడగండి. అడగరన్న ధీమాతోనే చాలామంది చెప్పకుండా ఉండిపోతారు, రెండో రోజు వార్డులో ఫిట్స్ వచ్చాకగానీ అసలు సంగతి తెలియదు.

తెలంగాణలో కల్లు గురించి విడిగా అడగాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతుంటారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు రోగులు వరుసకట్టింది ఇందుకే. వీళ్లు పిచ్చిపిచ్చిగా మాట్లాడతారు, బట్టలు లాక్కుంటారు, నిద్రపోరు. "నాటకాలు ఆడుతున్నాడు" అనే మాట ఎక్కువగా పడేది వీళ్ల మీదే. అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆగినందువల్ల వచ్చిన లక్షణాలవి. అదే జాతి మందు ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఉద్రేకం తగ్గించే హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చి మంచానికి కట్టేస్తే ఫిట్స్ వచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది.

తాగుడు ఆగాక మొదటి నాలుగు రోజులు

కాలు విరిగి ఆర్థో వార్డులో చేరిన మనిషికి తాగడానికి మందు దొరకదు. చివరి గుక్క తర్వాత 6 గంటల నుంచే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. తాగుడు ఆగినందువల్ల వచ్చే ఈ లక్షణాలనే విత్‌డ్రాయల్ అంటారు. ఫిట్స్ వస్తే చాలావరకు 48 గంటల లోపే వస్తాయి. డెలీరియం, అంటే లేనివి కనబడటం, ఊరూ పేరూ మరిచిపోవడం, జ్వరం, సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య. లేచి వెళ్లిపోతానని పైపులు పీకేసుకునే రోగిని "మందు కోసం గొడవ చేస్తున్నాడు" అని రాసేముందు గడియారం లెక్క చూడండి.

విత్‌డ్రాయల్ తీవ్రత కొలవడానికి సీవా-ఏఆర్ (CIWA-Ar) పట్టిక ఉంది: పది అంశాలు, మొత్తం 67 మార్కులు. 8 లోపు ఉంటే సాధారణంగా గమనిస్తే చాలు. 15 దాటితే ఆలస్యం చేయకూడదు. రోగి జవాబు చెప్పలేని స్థితిలో ఉంటే ఈ పట్టిక పనికిరాదు, నేరుగా డాక్టర్‌ను పిలవాలి. మందుగా డైజిపామ్ లేదా క్లోర్‌డయాజిపాక్సైడ్, కాలేయం బాగా చెడితే లోరజిపామ్. మోతాదు డాక్టర్ నిర్ణయం.

ఇక్కడే ఒక తప్పు పదేపదే జరుగుతుంది. "అవసరమైతే ఇవ్వండి" అని ఆర్డర్ రాసి ఉంటుంది, రాత్రి డ్యూటీలో ఇవ్వరు. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడం ఎందుకన్న నైతిక సందేహం అడ్డొస్తుంది. కొందరు అది మంచిపని అనే నమ్ముతారు. ఆ రాత్రికి ఆ మాత్ర మెదడును ఫిట్స్ నుంచి కాపాడే మందు. కొద్దిరోజుల్లో తగ్గించి ఆపేస్తారు. ఆర్డర్‌లో "అవసరమైతే" అని వదిలేయకుండా, ఎన్ని మార్కులకు ఎంత ఇవ్వాలో, ఎన్ని గంటలకోసారి కొలవాలో రాస్తే ఈ సందేహానికి చోటుండదు.

థయామిన్ (విటమిన్ బి1) మర్చిపోకూడదు. కళ్లు అటూఇటూ కొట్టుకోవడం, నడక తూలడం, గందరగోళం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా థయామిన్ లోపంతో మెదడు దెబ్బతినే వెర్నికి వ్యాధిని అనుమానించి 500 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు, సెలైన్‌లో కలిపి అరగంటపాటు సిరలోకి ఎక్కించాలి. నోటి మాత్ర ఇలాంటివారి పేగుల నుంచి సరిగా ఎక్కదు. గ్లూకోజ్ కంటే ముందు లేదా దాంతోపాటు ఇవ్వండి. షుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం థయామిన్ కోసం గ్లూకోజ్ ఆపకండి.

నొప్పి మందులు ఇవ్వడానికీ వెనకాడకండి. విరిగిన ఎముకకు తాగుబోతు అని నొప్పి తగ్గదు.

రాసే మాట, చెప్పే మాట

"క్రానిక్ ఆల్కహాలిక్, చెప్పినమాట వినడు" అని రాస్తే తర్వాతి డ్యూటీ డాక్టర్‌కు తెలిసేది ఏమీ ఉండదు, ఒక ముద్ర తప్ప. "పన్నెండేళ్లుగా రోజూ 360 మి.లీ. బ్రాందీ, చివరిసారి ఆదివారం రాత్రి 9కి, గతంలో రెండుసార్లు విత్‌డ్రాయల్ ఫిట్స్" అని రాస్తే రేపటి ప్రమాదం కనబడుతుంది. డ్యూటీ మారేటప్పుడు మంచం పక్కన నిలబడి చెప్పే మాటల్లోనూ ఇదే పాటించండి. కళ్లు మూసుకుని ఉన్నంతమాత్రాన రోగి నిద్రపోయినట్టు కాదు.

రహస్యం కూడా చికిత్సే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. ఆ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది. బావమరిది ఫోన్ చేసి అడిగితే వివరాలు చెప్పకూడదు.

సిబ్బంది కోపం

తిట్లు, వాంతులు, మీదమీదకు రావడం, వీటిని నర్సులు నిజంగానే భరిస్తున్నారు. ఓపిక పట్టమని వాళ్లకు ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. ఉద్రేకంలో ఉన్న రోగి దగ్గరకు ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి, తలుపు వైపు దారి ఉంచుకోవాలి. "మీరు తిడితే నేను వెళ్లి పది నిమిషాల్లో వస్తాను" అని చెప్పి, అన్నట్టే పది నిమిషాలకు తిరిగి రావాలి. రాకపోతే ఆ మాట బెదిరింపుగా మిగులుతుంది. తాగే తండ్రి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు మన సిబ్బందిలో చాలామందే ఉంటారు. ఆ మంట వార్డులో పైకి వస్తే సిగ్గుపడాల్సింది లేదు, ఆ పూటకు ఆ మంచం వేరొకరికి అప్పగించమని ఇన్‌ఛార్జిని అడగగలిగే వీలుండాలి.

ఇంటివాళ్లు, డిశ్చార్జ్

"తెలియకుండా అన్నంలో కలిపే మాత్ర రాయండి" అని భార్యలు, తల్లులు వేడుకుంటారు. వాళ్లు అడిగేది డైసల్ఫిరామ్, తాగితే ఒంటికి పడకుండా చేసే మందు. సంగతి తెలియని మనిషి ఆ మాత్ర మీద తాగితే బీపీ పడిపోయి, గుండె లయ తప్పి చనిపోవచ్చు. కాదని చెప్పి ఊరుకోకుండా వాళ్ల భయం వినండి, తర్వాత రోగితో కలిపి కూర్చోబెట్టండి. అతను ఒప్పుకుంటేనే, ఆఖరి గుక్క తాగి కనీసం 12 గంటలు గడిచాకే ఆ మందు. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ కూడా ఉన్నాయి. మొదటిదానికి కాలేయం, రెండోదానికి కిడ్నీలు చూసుకోవాలి.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందుతున్నారు. కాలు విరిగి మీ వార్డులో పడుకున్న ఈ వారం అతని జీవితంలో డాక్టర్‌తో ఈ మాట మాట్లాడే ఒకే ఒక్క అవకాశం కావచ్చు. "తాగుడు మానండి" అని డిశ్చార్జ్ చీటీ మీద రాయడం సరిపోదు. వారం లోపు ఏ తేదీన, ఏ ఓపీకి, ఎవరి దగ్గరకు రావాలో రాయండి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 నంబర్లు రోగి ఫోన్‌లో అక్కడికక్కడే సేవ్ చేయించండి.

నెల తిరక్కుండా మళ్లీ తాగి వస్తే "మళ్లీ వచ్చావా" అనకండి. బీపీ మాత్రలు ఆపేసి మళ్లీ చేరినవాళ్లను ఆ మాట అనం. ఎన్ని రోజులు మానగలిగారు, ఏ రోజు ఏం జరిగి మొదలైంది, చివరిసారి ఎన్ని గంటలకు తాగారు? ఈ మూడూ అడిగి, పాత కేస్ షీట్ తెప్పించండి.