బాస్కెట్‌బాల్‌లో అఫెన్స్ ఎలా ఆడాలి?

బాస్కెట్‌బాల్ కొత్తగా నేర్చుకునేవాళ్లు అఫెన్స్ (బాల్ మన జట్టు దగ్గరున్నప్పుడు పాయింట్ల కోసం ఆడే ఆట) అనగానే డ్రిబ్లింగ్ (బాల్‌ను నేలకేసి కొడుతూ కదలడం), షూటింగ్ మీద పడిపోతారు. అవి కావాల్సినవే. కానీ జట్టులో ఐదుగురు, బాల్ ఒక్కటి. ఎంత మంచి ఆటగాడికైనా ఆటలో ఎక్కువసేపు చేతిలో బాల్ ఉండదు. ఆ సమయంలో ఏం చేయాలో తెలిస్తే సగం అఫెన్స్ వచ్చేసినట్టే. అందుకే ఇక్కడ దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

1. ముందు దూరం పాటించండి

కొత్తవాళ్లందరూ బాల్ ఎక్కడుంటే అక్కడికి పరిగెడతారు. వాళ్లతోపాటు వాళ్ల డిఫెండర్లూ వస్తారు. దాంతో బాల్ ఉన్నవాళ్లకి కదలడానికి చోటుండదు. మీకూ మీ తోటి ఆటగాడికీ మధ్య 4 నుంచి 5 మీటర్ల దూరం ఉండేలా చూసుకోండి. అంత దూరంలో ఉంటే ఒకే డిఫెండర్ ఇద్దరినీ కాయడం కష్టం.

త్రీ పాయింట్ లైన్ (దీని బయటి నుంచి బాల్ వేస్తే మూడు పాయింట్లు) చుట్టూ నిలబడటం మంచి అలవాటు. అంత దూరం నుంచి షాట్ వేయలేకపోయినా ఫర్వాలేదు, మీరక్కడ ఉంటే రింగ్ ముందు చోటు ఖాళీ అవుతుంది. పైగా మీ జట్టు చేతిలో బాల్ ఉన్నప్పుడు రింగ్ కింద గీసిన పెయింట్ ఏరియాలో వరుసగా 3 సెకన్లకు మించి ఉంటే బాల్ ఎదుటి జట్టుకి పోతుంది.

2. బాల్ అందగానే రింగ్ వైపు తిరగండి

బాల్ చేతికి రాగానే నేలకేసి కొట్టడం చాలామందికి అలవాటు. దయచేసి మానుకోండి. డ్రిబ్లింగ్ ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెట్టే వీల్లేదు, ఆ అవకాశాన్ని ఊరికే పోగొట్టుకోకూడదు. మోకాళ్లు కాస్త వంచి, బాల్‌ను రెండు చేతులతో ఛాతీ పక్కన పట్టుకుని రింగ్ వైపు చూడండి. ఇక్కడి నుంచి షాట్ వేయొచ్చు, పాస్ ఇవ్వొచ్చు, డ్రిబుల్ చేస్తూ దూసుకుపోవచ్చు. దీన్నే ట్రిపుల్ థ్రెట్ అంటారు.

ఇప్పుడు ఒక కాలు (పివట్ కాలు) కదపకుండా, రెండో కాలితో డిఫెండర్ వైపు పొట్టి అడుగు వేయండి. డిఫెండర్ వెనక్కి తగ్గితే షాట్‌కి చోటు దొరికినట్టే. తగ్గకపోతే అదే కాలితో మరో పెద్ద అడుగు వేసి పక్క నుంచి వెళ్లిపోండి. డ్రిబుల్ మొదలుపెట్టేటప్పుడు పివట్ కాలు నేల నుంచి లేవకముందే బాల్ చేతిలోంచి వెళ్లాలి, లేకపోతే ట్రావెలింగ్ (బాల్ పట్టుకుని నియమం తప్పి అడుగులేయడం) అవుతుంది.

3. పాస్ ఇచ్చి నిలబడిపోవద్దు

నా దృష్టిలో అఫెన్స్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు ఇదే. మీరు పాస్ ఇవ్వగానే మీ డిఫెండర్ తల ఒక్క క్షణం బాల్ వైపు తిరుగుతుంది. ఆ క్షణంలోనే రింగ్ వైపు పరుగు తీయాలి. ఒక చెయ్యి ముందుకు చాపి, బాల్ ఎక్కడ కావాలో చూపించండి. పాస్ తిరిగి వస్తే లేఅప్ (రింగ్ దగ్గరికి వెళ్లి ఎగిరి వేసే షాట్) వేయొచ్చు. రాకపోతే రింగ్ కింద ఆగకుండా మూలకి వెళ్లిపోండి. మీరు ఖాళీ చేసిన చోటుకి పక్కనున్నవాళ్లు జరగాలి.

బాల్ అందుకోవడానికి కూడా ఒక పద్ధతుంది. రెండు మూడు అడుగులు నెమ్మదిగా రింగ్ వైపు వేసి, ఒక్కసారిగా దిశ మార్చి బయటికి రండి. డిఫెండర్ తేరుకునేలోపు బాల్ మీ చేతిలో ఉంటుంది. ఒకవేళ డిఫెండర్ ముందుగానే పసిగట్టి పాస్ దారికి అడ్డంగా వస్తే, బయటికి రావడం మానేసి వాళ్ల వెనక నుంచి రింగ్ వైపు వెళ్లండి. వేగం ఒకేలా ఉంటే ఇవేవీ పనిచేయవు. నెమ్మది, ఆ వెంటనే వేగం, కిటుకంతా అందులోనే ఉంది.

4. స్క్రీన్ వాడుకోండి

తోటి ఆటగాడి డిఫెండర్‌కి అడ్డుగా నిలబడటమే స్క్రీన్. కాళ్లు భుజాల వెడల్పున పెట్టి కదలకుండా నిలబడాలి. కదులుతూ తగిలితే ఫౌల్ మీదే. డ్రిబుల్ చేసేవాళ్లు స్క్రీన్ కుదురుకునేదాకా ఆగి, భుజానికి భుజం రాసుకునేంత దగ్గరగా వెళ్లాలి. మధ్యలో సందు ఉంటే డిఫెండర్ అందులోంచి దూరిపోతారు. వాళ్లు దాటగానే స్క్రీన్ పెట్టినవాళ్లు రింగ్ వైపు తిరిగి, చేతులెత్తి పరిగెత్తాలి. చాలాసార్లు బాల్ వచ్చేది వాళ్లకే.

5. షాట్, రీబౌండ్

అంతర్జాతీయ నియమాల ప్రకారం షాట్ వేయడానికి 24 సెకన్లు ఉంటాయి. అందులో మొదటి 8 సెకన్లలో బాల్‌ను సగం కోర్టు దాటించాలి. కాబట్టి టెన్షన్ పడి మొదటి అవకాశానికే షాట్ కొట్టక్కర్లేదు. మీకన్నా మంచి చోట తోటివాళ్లు ఖాళీగా ఉంటే వాళ్లకే ఇవ్వండి.

లేఅప్‌కి కుడివైపు నుంచి వెళ్తే కుడికాలు, ఎడమకాలు వరుసగా వేసి, ఎడమకాలి మీద ఎగిరి, కుడిచేత్తో బోర్డు మీది చదరానికి తగిలేలా వదలాలి. షాట్ పడుతుందో లేదో చూస్తూ నిలబడకుండా ఇద్దరు ముగ్గురు రీబౌండ్‌కి (పడకుండా తిరిగొచ్చే బాల్‌ను అందుకోవడానికి) వెళ్లాలి, మిగతావాళ్లు డిఫెన్స్‌కి వెనక్కి రావాలి. రింగ్‌కి తగిలిన బాల్ మళ్లీ మీకే దొరికితే ఇంకో 14 సెకన్లు వస్తాయి.

సాధన ఎలా?

ముగ్గురు ముగ్గురుగా విడిపోయి, అసలు డ్రిబ్లింగే లేకుండా ఆడండి. పాస్‌లతోనే ముందుకెళ్లాలి కాబట్టి అందరూ కదలక తప్పదు. మొదట్లో పాస్‌లు తప్పిపోయి ఆట గజిబిజిగా ఉంటుంది, అయినా ఆపొద్దు. ఖాళీలు వాటంతటవే కనబడటం మొదలయ్యాక, ఒక్కొక్కరికి ఒకే ఒక్క డ్రిబుల్ చొప్పున అనుమతించి ఆడండి.