'కమ్ అప్ అగైనెస్ట్' వాడితే తేడా కొడుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: 'ఎ ప్రాబ్లమ్ కేమ్ అప్ అగైనెస్ట్ మీ' అని రాశారు, చదివినవాళ్లకు ఎక్కడో తన్నింది.

'కమ్ అప్ అగైనెస్ట్' అంటే పోతూ పోతూ ఏదైనా అడ్డంకికి తగలడం. తప్పుకు కారణం మన తెలుగే. 'నాకో ఇబ్బంది ఎదురైంది' అంటాం కదా, అక్కడ వచ్చేది ఇబ్బంది, మనం ఉన్నచోటే ఉంటాం. ఇంగ్లీషు మాటలో నడిచేది మనిషి, పోతూ పోతూ ఉంటే గోడ తగులుతుంది. కాబట్టి మనిషి ముందు, అడ్డంకి చివర: 'వియ్ కేమ్ అప్ అగైనెస్ట్ ఎ న్యూ రూల్'. లేదు, ఇబ్బందితోనే మొదలుపెడతానంటే అగైనెస్ట్ తీసేసి 'ఎ ప్రాబ్లమ్ కేమ్ అప్' అనండి, చాలు.

సమస్య: అగైనెస్ట్ బదులు 'విత్' పడింది.

ఇది నేను చేసిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో 'ఐ కేమ్ అప్ విత్ మెనీ డిఫికల్టీస్' అని మెయిల్ పెట్టాను. కమ్ అప్ విత్ అంటే ఆలోచించి ఏదైనా పుట్టించడం, ఐడియాలాంటిది. అంటే ఆ ఇబ్బందులన్నీ నేనే కూర్చుని కనిపెట్టానన్నమాట!

సమస్య: ఇంటర్వ్యూలో 'ఐ కేమ్ అప్ అగైనెస్ట్ ఎ సర్వర్ ఇష్యూ' అని గర్వంగా చెప్పి ఆపేశారు, అవతలివాళ్లు ఇంకా మీ వైపే చూస్తున్నారు.

మన 'ఎదుర్కొన్నాను'లో తగలడమూ ఉంది, తట్టుకుని నిలబడటమూ ఉంది. కేమ్ అప్ అగైనెస్ట్‌లో మొదటిదే ఉంది, తర్వాత మీరు గెలిచారో చేతులెత్తేశారో అది చెప్పదు. వెంటనే ఇంకో ముక్క కలపాలి: 'బట్ వియ్ గాట్ అరౌండ్ ఇట్ బై...' అని, ఎలా గట్టెక్కారో చెప్పాలి. ఇక్కడ 'ఫేస్ అప్ టు' వాడేవాళ్లూ ఉన్నారు. అది వేరే సంగతి, చేదు నిజాన్ని తప్పించుకోకుండా ఒప్పుకోవడం, అప్పులు పెరిగాయని ఇంట్లో ఒప్పుకున్నట్టు.

సమస్య: బండి పంక్చరైనా ఇదే మాట.

మరీ బరువైపోతుంది. రూల్స్, గట్టి వ్యతిరేకత, బలమైన ప్రత్యర్థి లాంటివాటికి దాచుకోండి. దారిలో తగిలే చిన్నాచితకా చిక్కులకు 'రన్ ఇంటూ' హాయిగా సరిపోతుంది, కాకపోతే దాని పక్కన మనిషి పేరు పెడితే అనుకోకుండా కలిశామని అర్థం.

'వియ్ ఆర్ అప్ అగైనెస్ట్ ఇట్' అని ఎవరైనా అంటే ఆ 'ఇట్' ఏమిటని వెతక్కండి, గట్టి చిక్కులో ఉన్నామని చెప్పడమే అది.