విదేశంలో ఉన్న అమెరికా సైనికులు బ్యాలెట్ కోరేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు పౌరసత్వం సంగతి చూసుకోవాలి. గ్రీన్‌కార్డుతోనే అమెరికా సైన్యంలో చేరవచ్చు కాబట్టి, యూనిఫాం వేసుకున్నాక ఓటు కూడా వచ్చినట్లేనని మన పిల్లలు ఎవరైనా అనుకుంటే అది పొరపాటు; పౌరసత్వం రాకముందే ఓటరుగా నమోదైతే ఆ తర్వాత పెట్టుకునే పౌరసత్వ దరఖాస్తుకే ముప్పు రావచ్చు.

ఫెడరల్ పోస్ట్‌కార్డ్ దరఖాస్తు ఒక్కటే ఓటరు నమోదుకూ, బ్యాలెట్ కోరడానికీ సరిపోతుంది. ఇందులో ఓటు చిరునామా గడిలో శిబిరం చిరునామా కాక సొంత రాష్ట్రంలోని చట్టబద్ధ నివాసాన్నే రాయాలి. బ్యాలెట్ అందవలసిన చిరునామాకు వేరే గడి ఉంది. ఏటా జనవరిలోనూ, బదిలీ అయిన ప్రతిసారీ దీన్ని కొత్తగా పంపడం మంచిది. సంతకం మరవకూడదు.

ఎన్నికకు 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని 2009 నాటి చట్టం రాష్ట్రాలను ఆదేశించింది, అయితే అప్పటికే దరఖాస్తు వారికి చేరి ఉండాలి. ఖాళీ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో తెప్పించుకోవచ్చు గానీ, నింపినదాన్ని అలా తిప్పి పంపడానికి అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవు. బ్యాలెట్ సమయానికి రాకపోతే అభ్యర్థి పేరును మనమే రాసి పంపే అత్యవసర బ్యాలెట్ అయిన ఫెడరల్ రైట్-ఇన్ బ్యాలెట్ నింపి పంపాలి.

సైన్యం వదిలి జీఐ బిల్లు (సైన్యంలో పనిచేసినవారి చదువుకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) సాయంతో చదువుకుంటున్నవారు, జీవిత భాగస్వామి ఇంకా సేవలో ఉంటే తప్ప, దరఖాస్తులోని సైనిక ఓటరు గడిలో టిక్కు పెట్టకూడదు. విదేశీ విశ్వవిద్యాలయంలో చదువుతుంటే విదేశాల్లోని పౌరుల వర్గంలోకి వస్తారు. అమెరికాలోనే ఉంటే మామూలు నమోదే.